ఐడబ్ల్యూకాన్ఫిగ్ ఇంకా పనిచేస్తోంది, అసలు ఇబ్బంది అక్కడే

లైనక్స్ ఉన్న మెషిన్‌లో ఇవాళ, వైఫై స్థితి చూపించే పాత కమాండ్ ఐడబ్ల్యూకాన్ఫిగ్ కొడితే, సిస్టమ్ గుండెకాయ లాంటి కెర్నల్ లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది. ఈ ప్రోగ్రామ్ వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ వాడుతోంది, వైఫై 7 హార్డ్‌వేర్ మీద ఇవి పనిచేయవు, ఎన్ఎల్80211 వాడండి అని దాని సారాంశం. ప్రోగ్రాములు వైఫై సంగతులు కెర్నల్‌తో మాట్లాడే పాత పద్ధతి మొదటిది, కొత్త పద్ధతి రెండోది. 2023 నుంచి కెర్నల్ ఈ మాట చెబుతోంది. కానీ ఎంతమంది ఆ లాగ్ చూస్తారు? టెర్మినల్‌లో మాత్రం ఎప్పటిలాగే నెట్‌వర్క్ పేరు, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ వరసగా వచ్చేస్తాయి. చూసినవాళ్లు కూడా "ఇప్పటికి పనిచేస్తోంది కదా" అనుకుని ముందుకు పోతారు.

పూర్తిగా ఆగిపోయిన టూల్‌తో పెద్ద నష్టం లేదు. ఎర్రర్ వస్తుంది, వేరే దారి వెతుక్కుంటాం. సగం పనిచేస్తూ, అడిగిన ప్రతిదానికీ ఏదో ఒక జవాబు ఇచ్చే టూల్‌తోనే అసలు నష్టం. ఐడబ్ల్యూకాన్ఫిగ్ ఇప్పుడు అలాంటి స్థితిలోనే ఉంది. దాన్ని కొత్తవాళ్లకు నేర్పడం ఆపేయాలని చాలాకాలంగా అంటున్నాను. ఎందుకో ఇక్కడ వివరంగా రాస్తాను.

ముందు దీని పుట్టుక చూద్దాం. వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్, వాటి పైన నడిచే ఐడబ్ల్యూకాన్ఫిగ్, ఐడబ్ల్యూలిస్ట్, ఐడబ్ల్యూప్రివ్ లాంటి టూల్స్ జాన్ టూరిల్ పని. హ్యూలెట్ ప్యాకర్డ్ అండతో 1990ల రెండో భాగంలో మొదలైంది. అప్పటికి వైఫై అనే పేరే లేదు. ఒక్కో కార్డుకు ఒక్కో రకం సెట్టింగ్ ఉండే రోజుల్లో, అన్నింటినీ ఒకే కమాండ్‌తో అడగగలగడం చాలా పెద్ద సౌకర్యం. ఆ పని చేసినవాళ్ల మీద నాకు గౌరవమే ఉంది. దాని డిజైన్ మాత్రం ఆ కాలపు కార్డులకు సరిపోయేది. ఒక కార్డు, ఒక ఇంటర్‌ఫేస్, ఒక నెట్‌వర్క్ పేరు, ఒక ఛానెల్, ఒక కీ. ప్రతి విలువకూ ఒక ఐఓసీటీఎల్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ను అడిగే పిలుపు), ప్రతి కాల్‌లో ముందే కొలత పెట్టి ఉంచిన గడి.

ఆ గడులు చాలని రోజు వచ్చింది. వేగం సంగతే తీసుకోండి. వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌లో బిట్ రేట్ అనేది గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకం, అదీ సెకనుకు ఇన్ని బిట్లు అనే లెక్కలో. అందులో పట్టే గరిష్ఠ విలువ సుమారు 2.147 గిగాబిట్లు. వైఫై 6లో 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ మీద, రెండు స్ట్రీములతో వచ్చే లింక్ వేగం 2.4 గిగాబిట్లు దాటుతుంది. ఆ సంఖ్యకు ఈ గడిలో చోటే లేదు. ఇది ప్యాచ్‌తో పోయే బగ్ కాదు. యూజర్ ప్రోగ్రాములకూ కెర్నల్‌కూ మధ్య ఒప్పందం లాంటి స్ట్రక్చర్ అది. దాన్ని మారిస్తే పాత ప్రోగ్రాములన్నీ విరిగిపోతాయి.

స్కానింగ్‌లోనూ ఇదే కథ. స్కాన్ ఫలితాల బఫర్ పొడవు చెప్పే చోటు 16 బిట్లే, అంటే 65,535 బైట్లకు మించి ఒక్కసారిగా అడగలేం. చుట్టూ నాలుగైదు యాక్సెస్ పాయింట్లు ఉన్న రోజుల్లో అది ఎక్కువే. ఇప్పుడు ఒక పెద్ద భవనంలో నిలబడితే పదుల కొద్దీ యాక్సెస్ పాయింట్లు, ఒక్కోటీ తన ఉనికి చాటే బీకన్ సందేశంలో బోలెడంత సమాచారం మోసుకొస్తూ ఉంటాయి. అక్కడ ఐడబ్ల్యూలిస్ట్‌తో స్కాన్ చేస్తే 'ఆర్గ్యుమెంట్ లిస్ట్ టూ లాంగ్' అనే ఎర్రర్ రావచ్చు. మీరు ఇచ్చిన ఆర్గ్యుమెంట్లకూ దానికీ సంబంధం లేదు. ఆ మాట నమ్మి కమాండ్‌లో తప్పు వెతికేవాళ్లను చాలామందిని చూశాను.

స్కాన్ విజయవంతంగా వచ్చినా చదవడానికి ఏముంది? వైఫై స్టాండర్డ్ 802.11లో 'ఎన్' నుంచి వచ్చిన ప్రతి కొత్త అంశాన్నీ ఐడబ్ల్యూలిస్ట్ 'అన్‌నోన్' అని రాసి, పక్కన హెక్స్ అంకెలు పరిచేస్తుంది. కొత్త భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉన్న నెట్‌వర్క్ కనిపిస్తే అథెంటికేషన్ పక్కన 'అన్‌నోన్' అనీ, బ్రాకెట్లో 8 అనీ చూపిస్తుంది. డబ్ల్యూపీఏ3 వాడే ఎస్ఏఈ అనే అథెంటికేషన్ పద్ధతికి స్టాండర్డ్‌లో ఇచ్చిన సంఖ్య ఆ 8. ఆ సంగతి తెలిసినవాడికి ఈ టూల్ అవసరం ఉండదు. తెలియనివాడికి దానివల్ల ఉపయోగం లేదు.

నాకు అన్నింటికంటే ఎక్కువ బాధ కలిగించేది మాత్రం లింక్ క్వాలిటీ అనే వరుస. "లింక్ క్వాలిటీ 62/70, సిగ్నల్ మైనస్ 48" అని చూడగానే ఎవరికైనా రెండు వేర్వేరు కొలతలు కనిపించినట్టు అనిపిస్తుంది. సిగ్నల్ బాగుంది, క్వాలిటీ కూడా బాగుంది, కాబట్టి తప్పు ఇంకెక్కడో ఉందని తేల్చేస్తారు. నిజానికి ఇప్పటి డ్రైవర్లలో ఆ క్వాలిటీ ఎలా వస్తుందంటే, డీబీఎం అనే ప్రమాణంలో కొలిచిన సిగ్నల్ బలానికి 110 కలపడమే. మైనస్ 48కి 110 కలిపితే 62. ఒకే సమాచారాన్ని రెండు పేర్లతో చూపిస్తున్నారన్నమాట. దాని కింద 'మిస్డ్ బీకన్' అని ఇంకో గడి ఉంటుంది, సున్నా చూపిస్తుంది. బీకన్లు ఒక్కటీ పోలేదని దాని అర్థం కాదు. కొత్త డ్రైవర్ వ్యవస్థ ఆ గడిని నింపదు, అందుకే సున్నా.

ఇప్పుడు అదే లింక్‌ను, ఎన్ఎల్80211 వాడే కొత్త టూల్ ఐడబ్ల్యూలో స్టేషన్ డంప్ అడిగి చూడండి. పంపిన ప్యాకెట్లు ఎన్ని, మళ్లీ మళ్లీ పంపాల్సి వచ్చినవి ఎన్ని, అసలు చేరనివి ఎన్ని, పంపే వేగం, అందుకునే వేగం విడివిడిగా, ఏ మాడ్యులేషన్, ఎంత ఛానెల్ వెడల్పు, అన్నీ కనిపిస్తాయి. సర్వే డంప్ అడిగితే, డ్రైవర్ ఆ లెక్క ఇవ్వగలిగితే, ఛానెల్ ఎంతసేపు ఖాళీగా ఉంది, ఎంతసేపు బిజీగా ఉంది అనేది మిల్లీసెకన్లలో వస్తుంది. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండి నెట్ నత్తనడక నడిచే సందర్భాలు చాలావరకు ఇక్కడే తేలిపోతాయి. ఛానెల్ అంతా పక్కవాళ్ల ట్రాఫిక్‌తో నిండిపోయి ఉంటుంది, లేదా రీట్రైలు గుట్టలుగా ఉంటాయి. ఐడబ్ల్యూకాన్ఫిగ్ నమ్ముకున్నవాడు ఈలోగా డ్రైవర్ తీసేసి మళ్లీ వేసి, చివరికి కార్డు మార్చేసి, అయినా సమస్య పోక టెన్షన్ పడుతూ ఉంటాడు.

ఐడబ్ల్యూ వెనకున్న ఈ కొత్త లోకం ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. చిప్ తయారీదారులు 802.11 పనుల్లో చాలా భాగాన్ని కార్డు ఫర్మ్‌వేర్ నుంచి తీసి కంప్యూటర్ మీద వేయడం మొదలుపెట్టారు. దాంతో ప్రతి డ్రైవరూ ఆ పనంతా సొంతంగా రాసుకోవాల్సి వచ్చింది. ఆ భారాన్ని ఒకే చోటికి తెచ్చిన కెర్నల్ భాగం మ్యాక్80211, 2007 జులైలో 2.6.22 కెర్నల్‌తో వచ్చింది. దాని పైన సెట్టింగులు చూసే పొర సీఎఫ్‌జీ80211. యూజర్ ప్రోగ్రాములు మాట్లాడేది ఎన్ఎల్80211 ద్వారా. ఐడబ్ల్యూ టూల్‌తో సహా ఈ పనిలో ప్రధాన పాత్ర యోహానెస్ బెర్గ్‌ది. ఎన్ఎల్80211, కెర్నల్‌తో సందేశాలు మార్చుకునే నెట్‌లింక్ అనే మార్గం మీద నడుస్తుంది. ఇక్కడ సందేశంలో ప్రతి విలువా తన పేరు, పొడవు తనే మోసుకొస్తుంది. రేపు కొత్త అంశం వస్తే కొత్త పేరు చేరుస్తారు, పాత ప్రోగ్రాములు తమకు తెలియనిదాన్ని వదిలేస్తాయి. గడి సరిపోలేదనే బెడద లేదు.

ఆ 2007లోనే వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ 22వ వెర్షన్ దగ్గర ఆగింది. వైర్‌లెస్ టూల్స్ ప్యాకేజీ 29వ వెర్షన్ దగ్గర నిలిచింది, 30వది ముందస్తు విడుదలలు దాటి రాలేదు. ఆ తర్వాత మనం చూస్తున్నదంతా సీఎఫ్‌జీ80211లో పెట్టిన ఒక అనువాద పొర. కొత్త వ్యవస్థకు తెలిసినదాన్ని పాత గడుల్లోకి కుదించి చూపిస్తుంది, పట్టనిదాన్ని వదిలేస్తుంది.

వైఫై 7 దగ్గర ఆ కుదింపు కూడా సాధ్యం కాలేదు. మల్టీ లింక్ ఆపరేషన్‌లో ఒకే కనెక్షన్ రెండు మూడు బ్యాండ్ల మీద ఒకేసారి నడవవచ్చు. ప్రతి లింక్‌కూ వేరే ఫ్రీక్వెన్సీ, వేరే బీఎస్ఎస్ఐడీ (యాక్సెస్ పాయింట్‌ను గుర్తించే అడ్రస్). "నీ ఫ్రీక్వెన్సీ ఎంత, నీ యాక్సెస్ పాయింట్ ఎవరు" అనే పాత ప్రశ్నకు ఇక్కడ ఒక్క సరైన జవాబు లేదు. ఏదో ఒక లింక్‌ను ఎంచి చూపించవచ్చు, కానీ అది అబద్ధమే అవుతుంది. కెర్నల్ డెవలపర్లు జవాబు ఇవ్వకపోవడమే మేలని నిర్ణయించారు. నా దృష్టిలో వాళ్లు చేసింది సరైన పని. ఇంకా ముందే చేసి ఉంటే బాగుండేది.

ఐడబ్ల్యూప్రివ్ గురించి క్లుప్తంగా. డ్రైవర్ రాసేవాళ్లు తమ సొంత సెట్టింగులు పెట్టుకోవడానికి 32 ప్రైవేట్ ఐఓసీటీఎల్ సంఖ్యలు కేటాయించారు. ఒక డ్రైవర్‌లో పనిచేసే మంత్రం ఇంకో డ్రైవర్‌లో పనిచేయదు. పాస్‌వర్డ్ పెట్టే పద్ధతి కూడా కొన్ని డ్రైవర్లలో ఇందులోకే పోయింది. ఇది తిరిగి రాకూడదని కోరుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇక్కడిదాకా ఒప్పుకునేవాళ్లు కూడా ఒక తప్పు సలహా ఇస్తుంటారు. ఎడమవైపు పాత కమాండ్, కుడివైపు కొత్త కమాండ్ పెట్టి ఒక పట్టిక ఇచ్చి, "ఐడబ్ల్యూకాన్ఫిగ్ బదులు ఐడబ్ల్యూ వాడండి" అంటారు. ఇంటర్‌ఫేస్ వివరాలు అడగడం వరకూ అది సరే. కనెక్ట్ అవ్వడం దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టిక కొత్తవాణ్ని గోడకు కొట్టిస్తుంది. ఎందుకంటే ఐడబ్ల్యూతో నేరుగా చేరగలిగేది ఓపెన్ నెట్‌వర్క్‌లోకీ, డబ్ల్యూఈపీ అనే పాత భద్రతా పద్ధతి కీ ఉన్న నెట్‌వర్క్‌లోకీ మాత్రమే. డబ్ల్యూఈపీ భద్రత 2001లోనే బద్దలైంది. ఈ రోజు మనం వాడే డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 నెట్‌వర్కులకు పాస్‌వర్డ్‌ను కార్డులో పెట్టేస్తే సరిపోదు. యాక్సెస్ పాయింట్‌తో నాలుగు సందేశాల మార్పిడి జరగాలి, దాని నుంచి తాత్కాలిక కీలు పుట్టాలి, గ్రూప్ కీ మధ్యమధ్యలో మారుతూ ఉంటే దాన్ని అందుకోవాలి. ఒకసారి నడిచి ముగిసిపోయే కమాండ్ వల్ల ఇది కాదు. కనెక్షన్ ఉన్నంతసేపూ మేలుకుని ఉండే ప్రోగ్రామ్ కావాలి.

అందుకే నేను నేర్పేటప్పుడు పట్టిక ఇవ్వను, మూడు పనులు వేరు చేసి చెబుతాను. రేడియో ఏ స్థితిలో ఉందో అడగడం ఒక పని, దానికి ఐడబ్ల్యూ ఉంది. నెట్‌వర్క్‌లోకి చేరి, కీల వ్యవహారం చూసుకుంటూ కూర్చోవడం రెండో పని. జౌని మాలినెన్ రాసిన డబ్ల్యూపీఏ సప్లికెంట్ దీన్ని ఇరవై ఏళ్లుగా చేస్తోంది. ఇంటెల్ నుంచి వచ్చిన ఐడబ్ల్యూడీ, 2019లో 1.0 విడుదలైనప్పటి నుంచి, గట్టి ప్రత్యామ్నాయంగా నిలబడింది. ఏ నెట్‌వర్క్‌లో చేరాలి, పాస్‌వర్డ్ ఏమిటి, ఐపీ అడ్రస్ ఎలా తెచ్చుకోవాలి అనేవి గుర్తుపెట్టుకుని, మెషిన్ మళ్లీ లేచినప్పుడు అమలు చేయడం మూడో పని. చాలా డెస్క్‌టాప్‌లలో అది నెట్‌వర్క్‌మేనేజర్, దాన్ని టెర్మినల్ నుంచి నడిపేది ఎన్ఎంసీఎల్ఐ.

ఈ తేడా ఒకసారి పట్టుబడితే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఒక ఉదాహరణ. పవర్ సేవ్ ఆపమని ఐడబ్ల్యూతో చెబితే ఆ క్షణానికి ఆగుతుంది, రీబూట్ తర్వాత మళ్లీ మొదటికొస్తుంది. "ఈ కొత్త టూల్స్ మాట వినవు" అని ఫిర్యాదు. స్థితి అడిగే టూల్‌తో మార్పు చేసి, గుర్తుపెట్టుకునే ప్రోగ్రామ్‌కు ఆ సంగతి చెప్పలేదు కదా! నెట్‌వర్క్‌మేనేజర్ ప్రొఫైల్‌లో పవర్‌సేవ్ విలువను 2 అని పెడితే ప్రతిసారీ ఆగే ఉంటుంది. అలాగే డబ్ల్యూపీఏ సప్లికెంట్, ఐడబ్ల్యూడీ రెండూ ఒకే కార్డు మీద నడుస్తుంటే కనెక్షన్ నిమిషానికోసారి పోయి వస్తుంది. రెండో పనికి ఇద్దరిని పెట్టాం కాబట్టి.

పాత గైడ్లు చేసే ఇంకో హానిని కూడా ఇక్కడే చెప్పాలి. డబ్ల్యూపీఏ సప్లికెంట్‌ను నడిపేటప్పుడు డ్రైవర్ పేరు వెక్స్ట్ (వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్‌కు పొట్టి పేరు) అని ఇవ్వమని రాసి ఉంటుంది. అలా ఇస్తే టూల్ కొత్తదే అయినా మాట్లాడేది పాత గడుల ద్వారానే. డబ్ల్యూపీఏ3 ఆ దారిలో అందదు. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పాత డబ్ల్యూపీఏ2కి అనుమతి లేదు కాబట్టి అదీ చేజారుతుంది. ఒక్క పదం వల్ల కార్డు సామర్థ్యంలో పెద్ద భాగం వృథా.

అవతలి పక్షం వాదనలో బలం లేదని నేను అనను. "ఐడబ్ల్యూకాన్ఫిగ్ ఒక్క తెరలో అన్నీ చెప్పేది, ఐడబ్ల్యూ అవుట్‌పుట్ చదవాలంటే స్టాండర్డ్ తెలియాలి" అంటారు. అందులో నిజం ఉంది. ఐడబ్ల్యూతో ఫిజికల్ కార్డు వివరాలు అడిగితే వచ్చే పేజీల కొద్దీ జాబితా కొత్తవాళ్లను భయపెడుతుంది. కానీ ఐడబ్ల్యూలో లింక్ అని అడిగితే వచ్చే నాలుగైదు వరుసలు ఐడబ్ల్యూకాన్ఫిగ్ కంటే తేలిగ్గా అర్థమవుతాయి, అవి నిజం కూడా. మొదట దాన్ని చూపించి, మిగతావి అవసరం వచ్చినప్పుడు చూపిస్తే సరిపోతుంది.

"నెట్‌వర్క్‌మేనేజర్ అన్నీ దాచేస్తుంది, లోపల ఏం జరుగుతోందో తెలియదు" అనేది రెండో అభ్యంతరం. దీన్ని నేను సగమే ఒప్పుకుంటాను. దాని ప్రొఫైల్స్ మామూలు టెక్స్ట్ ఫైళ్లు, తెరిచి చదువుకోవచ్చు. లాగ్ వివరంగా రాస్తుంది. దాని గొడవే వద్దనుకునేవాళ్లు ఐడబ్ల్యూడీ ఒక్కదాన్నే పెట్టుకుని, ఐపీ అడ్రస్ పని కూడా దానికే అప్పగించవచ్చు. చిన్న మెషిన్లలో నాకు ఆ అమరికే ఇష్టం. డిస్ట్రిబ్యూషన్లు మార్పు చేసే తీరు మీద మాత్రం నాకూ అసంతృప్తి ఉంది. రాస్‌బెర్రీ పై ఓఎస్ 2023లో బుక్‌వార్మ్‌తో నెట్‌వర్క్‌మేనేజర్‌కు మారింది. అంతకుముందు బూట్ పార్టిషన్‌లో డబ్ల్యూపీఏ సప్లికెంట్ ఫైల్ పెట్టి స్క్రీన్ లేకుండా వైఫైకి కలిపేవాళ్లు. మారిన తర్వాత ఆ ఫైల్ పెట్టినా ఫలితం లేదు. మార్పు సరైనదే. కానీ స్క్రీన్ లేని మెషిన్ నెట్‌లోకి రాకపోతే ఏం తప్పు జరిగిందో చూసే దారి కూడా ఉండదు. ఇలాంటి చోట పాత ఫైల్ కనిపించగానే అర్థమయ్యే సూచన ఎక్కడో ఒకచోట వదలడం కనీస మర్యాద.

మూడో అభ్యంతరం స్క్రిప్టులది, నాకు అన్నింటికంటే బరువైనదిగా అనిపించేది ఇదే. ఏళ్ల తరబడి ఐడబ్ల్యూకాన్ఫిగ్ అవుట్‌పుట్‌ను కత్తిరించి సిగ్నల్ తీసుకునే స్క్రిప్టులు లెక్కలేనన్ని ఉన్నాయి. కెర్నల్ సమాచారం ఫైళ్లుగా చూపే ప్రోక్ కింద ఉండే వైర్‌లెస్ ఫైల్ చదివి ప్యానెల్‌లో వైఫై గుర్తు చూపించేవీ ఉన్నాయి. ఒక ఇంటర్‌ఫేస్ వైర్‌లెస్సా కాదా తెలుసుకోవడానికి పాత ఐఓసీటీఎల్ పిలిచే ప్రోగ్రాములూ ఉన్నాయి. వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ లేకుండా కెర్నల్ కట్టిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా గుడ్డివవుతాయి. చివరిదానికి మందు సులభం, హార్డ్‌వేర్ వివరాలు ఫైళ్లుగా చూపే సిస్ఎఫ్ఎస్‌లో ఆ ఇంటర్‌ఫేస్ కింద ఫై80211 ఉందో లేదో చూస్తే చాలు. మిగతావాటిలో చాలామంది చేసేది, పాత కమాండ్ తీసేసి ఐడబ్ల్యూ పెట్టి, దాని అవుట్‌పుట్‌ను అదే పద్ధతిలో కత్తిరించడం. ఇది చేయకండి. ఐడబ్ల్యూ హెల్ప్ చివర్లో దాని రచయితలే స్పష్టంగా రాశారు, ఈ అవుట్‌పుట్ స్థిరంగా ఉంటుందని హామీ లేదు, దీన్ని చదివి స్క్రిప్టులు కట్టవద్దు అని. మనిషి చదవడానికి ఉన్న టూల్ అది.

నెట్‌వర్క్‌మేనేజర్ ఉన్న మెషిన్ అయితే స్క్రిప్టులకు ఎన్ఎంసీఎల్ఐ టెర్స్ మోడ్ ఉంది. కావలసిన ఫీల్డుల పేర్లు ఇస్తే కోలన్లతో విడదీసి ఇస్తుంది, అది ప్రోగ్రాముల కోసమే ఉద్దేశించింది. ఐడబ్ల్యూడీ ఉంటే, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే డీబస్ ద్వారా అడగవచ్చు. ఈ రెండూ లేని చోట, కొంచెం కష్టమైనా, ఎన్ఎల్80211తో నేరుగా మాట్లాడే లైబ్రరీ పట్టుకోవడమే దారి. ఐపీ కమాండ్, ప్రోగ్రాములు తేలిగ్గా చదవగల జేసన్ రూపంలో జవాబు ఇచ్చినట్టు ఐడబ్ల్యూ కూడా ఇవ్వగలిగితే ఈ చివరి అడ్డంకీ తొలగేది. ఈ మార్పులో నాకు కనిపించే నిజమైన లోటు అదొక్కటే. దాన్ని పూడ్చే ప్యాచ్‌ను పరీక్షించడానికి నా దగ్గరున్న కార్డులన్నీ వాడటానికి నేను సిద్ధం.